దగ్గరి అర్థాలున్న ఇంగ్లీషు పదాలను వేరు చేసి చూడడం ఎలా?

‘డౌట్’, ‘సస్పెక్ట్’ అనే రెండు క్రియలకూ నిఘంటువులో తెలుగు అర్థం వెతికితే ‘అనుమానించు’ అనే మాట కనిపిస్తుంది. ఇప్పుడు ఆ రెండింటినీ ఒకే వాక్యంలో పెట్టి చూడండి. ‘ఐ డౌట్ హి విల్ కమ్’ అంటే అతను రాడని నేను అనుకుంటున్నాను. ‘ఐ సస్పెక్ట్ హి విల్ కమ్’ అంటే వస్తాడనే అనుకుంటున్నాను. ఒకే తెలుగు మాట కింద పక్కపక్కనే రాసుకున్న పదాలు వాక్యంలోకి రాగానే ఎదురెదురుగా నిలబడ్డాయి. మనిషి విషయంలోనూ ఇంతే. ఒకరిని ‘డౌట్’ చేస్తే వారి మాట నమ్మడం లేదని, ‘సస్పెక్ట్’ చేస్తే ఆ పని వారే చేసి ఉంటారని. ఉత్తరంలో వీటిని తారుమారు చేస్తే చదివినవారికి మీ ఉద్దేశానికి సరిగ్గా వ్యతిరేకమైన సంగతి చేరుతుంది. పైగా వాక్యంలో వ్యాకరణ దోషమేదీ ఉండదు కాబట్టి దిద్దేవారూ ఉండరు.

ఇంగ్లీషు నేర్చుకునేవారు పదాల పట్టికలు కంఠతా పట్టడానికి ఎంతో శ్రమపడతారు. ఆ శ్రమలో సగం ఇలాంటి చోట్లే వృథా అవుతుంది. పదానికి ఎదురుగా పదం రాసుకున్నంత కాలం ఈ తేడాలు పట్టుబడవు. అవి వాక్యంలోనే బయటపడతాయి. చాలా సందర్భాల్లో అదే తేడా మన తెలుగు వాక్యంలోనూ ఉంటుంది, చూసే అలవాటే మనకు లేదు. ఆ అలవాటు చేసుకోవడానికి వరుసగా కొన్ని అడుగులు చెబుతాను. మొదటి నాలుగూ ఓపికగా సాధన చేయండి. మిగిలినవాటికి అంత సమయం పట్టదు.

మొదటి అడుగు: తెలుగు మాట ఎంత మేర పరుచుకుందో కొలవండి

అయోమయం ఎక్కువగా మన భాషలోని విశాలమైన మాటల దగ్గరే పుడుతుంది. భుజం నుంచి వేళ్ల కొన దాకా మొత్తాన్నీ ‘చేయి’ అంటాం. ఇంగ్లీషు దాన్ని మణికట్టు దగ్గర రెండుగా విడదీసి పైభాగాన్ని ‘ఆర్మ్’ అనీ, కిందిభాగాన్ని ‘హ్యాండ్’ అనీ అంటుంది. కాలూ అంతే: చీలమండకు పైన ‘లెగ్’, కింద ‘ఫుట్’. చేతికున్నా కాలికున్నా మనకు వేలే. వారికి చేతివేలు ‘ఫింగర్’, కాలివేలు ‘టో’. చెట్టు కింద కూర్చున్నదీ నీడే, గోడ మీద పడిన మన ఆకారమూ నీడే. ఇంగ్లీషులో మాత్రం ఎండ తగలని చోటు ‘షేడ్’, వెలుతురుకు అడ్డు వచ్చినప్పుడు పడే ఆకారం ‘షాడో’.

కాబట్టి ఏదైనా ఒక జంట మిమ్మల్ని తికమక పెడితే, కాగితం మధ్యలో తెలుగు మాట రాసి, దాని కిందికి వచ్చే ఇంగ్లీషు పదాలన్నీ చుట్టూ రాయండి. రెండే ఉంటాయని అనుకున్న చోట నాలుగో అయిదో తేలడం మామూలే.

రెండో అడుగు: ఆ మాటతో వేర్వేరు తెలుగు వాక్యాలు రాయండి

ఈ మార్గానికి ఆయువుపట్టు ఇదే. ‘ఒప్పుకొను’ అనే క్రియను తీసుకుందాం. మూడు వాక్యాలు రాయండి: అతను రావడానికి ఒప్పుకున్నాడు. వాళ్లు ఇస్తామన్న ఉద్యోగానికి ఒప్పుకున్నాడు. తన తప్పు ఒప్పుకున్నాడు.

మన క్రియ మారలేదు, కానీ దేనికి ఒప్పుకున్నాడన్నది మారింది. మొదటి దానిలో ఒక పని చేయడానికి సమ్మతించాడు, అది ‘అగ్రీ’. రెండో దానిలో ఎదుటివారు ఇవ్వజూపినదాన్ని తీసుకున్నాడు, అది ‘యాక్సెప్ట్’. మూడో దానిలో దాచుకోవాలనిపించే నిజాన్ని బయటపెట్టాడు, అది ‘అడ్మిట్’. ‘వస్తానని యాక్సెప్ట్ చేశాడు’ అని మనం తెలుగులో తేలిగ్గా అనేస్తాం. అదే ఇంగ్లీషులోకి వెళ్లినప్పుడు దోషమవుతుంది, ఎందుకంటే పని చేయడానికి సమ్మతించిన చోట వారికి ‘అగ్రీ’ కావాలి. ఒకరి అభిప్రాయంతో ఏకీభవించినా ‘అగ్రీ’యే, కాకపోతే అప్పుడు వెంట ‘విత్’ వస్తుంది.

ఇప్పుడు మూడింటినీ వ్యతిరేకంలోకి మార్చండి. తేడా రెట్టింపు స్పష్టంగా కనిపిస్తుంది. రావడానికి ఒప్పుకోకపోతే ‘రెఫ్యూజ్’. ప్రతిపాదనకు ఒప్పుకోకపోతే ‘రిజెక్ట్’. తాను ఆ పని చేశానని ఒప్పుకోకపోతే ‘డినై’. వీటిలో ‘రెఫ్యూజ్’ పరిధి కొంచెం పెద్దది, ఆహ్వానం లాంటి ఇవ్వజూపినదాన్ని వద్దనడానికీ అది పనికొస్తుంది. ‘డినై’కి మరో ముఖం ఉంది: అడిగినవారికి అనుమతి ఇవ్వకపోయినా, హక్కు దక్కకుండా చేసినా ఇదే పదం. ఇవన్నీ తెలుగులో ‘ఒప్పుకోలేదు’ అనే ఒక్క మాట దగ్గర మొదలైనవే. దగ్గరి పదాలను జంటగా కాక, వాటి వ్యతిరేకాలతో కలిపి నేర్చుకోవాలని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. ఎదురుగా ఉన్న పదం తెలిస్తే ఈ పదం హద్దు తెలుస్తుంది.

మూడో అడుగు: పని ఎవరిది, ఫలితం ఎవరికి?

‘సీ’, ‘లుక్’, ‘వాచ్’ మూడూ ‘చూడు’ అనుకోవడం దగ్గరే చిక్కంతా ఉంది. తెలుగులో ‘చూశాను’, ‘కనిపించింది’ అని రెండు మాటలున్నాయి కదా. కావాలని కళ్లు తిప్పితే చూస్తాం, ప్రయత్నం లేకుండా కంటపడితే కనిపిస్తుంది. ‘లుక్’ మొదటిది, ‘సీ’ చాలా చోట్ల రెండోది. ‘నేను చూస్తూనే ఉన్నాను కానీ ఏమీ కనిపించడం లేదు’ అనే వాక్యంలో ముందుది ‘లుక్’, తర్వాతది ‘సీ’. కదులుతున్నదాన్నో, మారుతున్నదాన్నో కొంతసేపు గమనిస్తూ చూస్తే ‘వాచ్’. ఫొటోను ‘లుక్’ చేస్తారు, ఆటను ‘వాచ్’ చేస్తారు. చెవి విషయంలోనూ ఇదే వరస. శ్రద్ధ పెట్టి వినడం ‘లిజన్’, వినిపించడం ‘హియర్’.

నిఘంటువులో ఒక్క పదంగా వెతికినప్పుడు మన భాషలో ఈ తేడా లేనట్టే ఉంటుంది. ‘నేను’ బదులు ‘నాకు’ అని వాక్యం మొదలుపెట్టగానే బయటికి వస్తుంది. అందుకే తెలుగు వాక్యంలో కర్త ‘నేను’గా ఉందో, ‘నాకు’గా మారిందో ప్రతిసారీ చూడండి.

మరో సాధనం ‘కొను’ అనే సహాయ క్రియ. నేర్చుకోవడం మన కోసం, నేర్పడం ఎదుటివారి కోసం. ‘లెర్న్’, ‘టీచ్’ మధ్య తేడా అంతే. గుర్తుంచుకోవడం ‘రిమెంబర్’, గుర్తుచేయడం ‘రిమైండ్’. తిరిగి ఇచ్చే మాట మీద ఒక వస్తువును అడిగి తీసుకోవడం ‘బారో’, అదే మాట మీద ఇవ్వడం ‘లెండ్’. లేవడం, లేపడం అనే తేడా తెలిసినవారికి ‘రైజ్’, ‘రెయిజ్’ అని దగ్గరదగ్గరగా వినిపించే రెండు క్రియలు భయపెట్టవు. సూర్యుడు తనంతట తాను పైకి వస్తాడు, అది ‘రైజ్’. చేతిని మనం పైకి ఎత్తుతాం, అది ‘రెయిజ్’. ఇంగ్లీషులో ఈ రెండింటికీ స్పెల్లింగులు వేరు, గతకాల రూపాలూ వేరు.

నాలుగో అడుగు: క్రియ వెంట ఏది వస్తుందో గమనించండి

‘సే’ తర్వాత చెప్పిన సంగతి వస్తుంది. ‘టెల్’ తర్వాత సాధారణంగా ఎవరికి చెప్పారో ఆ మనిషి వస్తాడు. అందుకే ‘టెల్ మి’ సరైనది, ‘సే మి’ తప్పు. మనిషిని చెప్పాలంటే ‘సే’కు ‘టు’ తోడు కావాలి. ‘ఎక్స్‌ప్లెయిన్’ కూడా ‘సే’ దారిలోనే నడుస్తుంది. మనకు ‘నాకు చెప్పు’, ‘నాకు వివరించు’ రెండింటిలోనూ ఒకే విభక్తి సరిపోతుంది కాబట్టి ‘ఎక్స్‌ప్లెయిన్ మి’ అని నోటికి వచ్చేస్తుంది. ఇంగ్లీషు అందుకు ఒప్పుకోదు. నిజం, అబద్ధం, కథ, సమయం వంటివాటికి మాత్రం మనిషి ప్రస్తావన లేకపోయినా ‘టెల్’ వాడతారు. వీటిని విడిగా గుర్తుపెట్టుకోవలసిందే.

‘డిస్కస్’, ‘టాక్’ మధ్య తేడా కూడా ఇక్కడే దొరుకుతుంది. తెలుగులో ‘దాని గురించి చర్చించాం’ అంటాం. ఆ ‘గురించి’ని ఇంగ్లీషులోకి మోసుకెళ్లి ‘డిస్కస్’ తర్వాత ‘అబౌట్’ పెడితే అదనపు బరువు. ‘టాక్’కు ‘అబౌట్’ అవసరం, ‘డిస్కస్’లో ఆ అర్థం ముందే ఇమిడి ఉంది.

‘రాబ్’, ‘స్టీల్’ రెండూ దొంగతనాలే. బ్యాంకునో, మనిషినో దోచుకుంటే ‘రాబ్’. డబ్బునో, వస్తువునో ఎత్తుకుపోతే ‘స్టీల్’. బ్యాంకును ‘స్టీల్’ చేశారంటే భవనాన్నే మోసుకుపోయినట్టు ధ్వనిస్తుంది.

ఇలాంటి సమాచారం అన్ని నిఘంటువుల్లో ఉండదు. జపాన్‌లో ఇంగ్లీషు బోధించిన ఏ.ఎస్. హార్న్‌బీ తన ఇద్దరు సహచరులతో కలిసి 1942లో టోక్యోలో ఒక నిఘంటువు వెలువరించారు. ఇంగ్లీషు మాతృభాష కానివారికి అర్థం ఒక్కటే సరిపోదని, క్రియ వెంట ఏ నిర్మాణం వస్తుందో కూడా చూపాలని ఆ నిఘంటువు గుర్తించింది. భాష నేర్చుకునేవారి కోసం తయారయ్యే ఈనాటి అభ్యాసక నిఘంటువులు (‘లెర్నర్స్ డిక్షనరీ’లు) నడుస్తున్నది ఆ బాటలోనే. మీ దగ్గర ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఉన్నా సరే, ఇలాంటి ఇంగ్లీషు-ఇంగ్లీషు అభ్యాసక నిఘంటువును పక్కన పెట్టుకోండి. అందులో అర్థం కన్నా ముందు ఉదాహరణ వాక్యాలు చదవండి.

అయిదో అడుగు: చిన్న పదాలను నిర్లక్ష్యం చేయకండి

కాలాన్ని చెప్పే చిన్న పదాల్లో జరిగే పొరపాట్లు పెద్ద నష్టమే చేస్తాయి. ‘అన్‌టిల్’ అంటే ‘వరకు’, ‘బై’ అంటే ‘లోపు’. సోమవారం వరకు ఉంటాను, సోమవారంలోపు పూర్తిచేస్తాను: మన వాక్యాల్లో తేడా ఎంత తేటగా ఉందో చూడండి. మొదటిది సాగే పని, రెండోది ముగిసే పని. పని అప్పగించినవారికి రాసేటప్పుడు ‘బై’ బదులు ‘అన్‌టిల్’ రాస్తే, సోమవారం దాకా పని సాగదీస్తానని చెప్పినట్టవుతుంది.

‘సిన్స్’, ‘ఫర్’ దగ్గర మాత్రం తెలుగే మనల్ని దారి తప్పిస్తుంది. ‘2020 నుంచి’, ‘రెండేళ్ల నుంచి’ అని రెండు చోట్లా ‘నుంచి’ వాడతాం. ఇంగ్లీషులో మొదలైన క్షణం చెబితే ‘సిన్స్’, గడిచిన నిడివి చెబితే ‘ఫర్’. చిట్కా ఒకటుంది: ‘నుంచి’ తీసేసి ‘గా’ పెట్టి చూడండి. ‘రెండేళ్లుగా’ అంటే వాక్యం నిలుస్తుంది కాబట్టి అక్కడ ‘ఫర్’. ‘2020గా’ అంటే నిలవదు కాబట్టి అక్కడ ‘సిన్స్’.

ఆరో అడుగు: పదంలో మెప్పు ఉందా, నింద ఉందా?

ఇది నిఘంటువు అర్థాన్ని దాటిన సంగతి. ‘పేరుపొందిన వైద్యుడు’ అంటాం, ‘పేరుమోసిన దొంగ’ అంటాం. ‘ఫేమస్’, ‘నొటోరియస్’ మధ్య దూరం సరిగ్గా అంతే. గౌరవించదలచిన మనిషిని ‘నొటోరియస్’ అని పరిచయం చేస్తే, అది మెచ్చుకోలనుకుని చేసినా, అవమానంగానే మిగులుతుంది.

ఒంటి తీరును చెప్పే పదాలు చూడండి. ‘స్లిమ్’లో నాజూకుతనం ఉంది. ‘థిన్’ సన్నగా ఉన్నారని చెప్పి ఊరుకుంటుంది, సందర్భాన్ని బట్టి ఆరోగ్యం గురించిన ఆందోళన కూడా ధ్వనించవచ్చు. ‘స్కిన్నీ’ ఎక్కువగా బక్కచిక్కిన రూపాన్ని గుర్తుకు తెస్తుంది. డబ్బు దగ్గర జాగ్రత్తపరులు ‘థ్రిఫ్టీ’, పిసినారులు ‘స్టింజీ’. పసిమనసు నిలుపుకొన్నవారు ‘చైల్డ్‌లైక్’, పెద్దవారై ఉండి చిన్నపిల్లల చేష్టలు చేసేవారు ‘చైల్డిష్’. కొత్త విశేషణం కనిపించినప్పుడల్లా ‘ఈ మాట నా గురించి అంటే సంతోషిస్తానా?’ అని ప్రశ్నించుకోండి. సమాధానం మీకే తెలియకపోతే ఆ పదాన్ని మనుషుల గురించి ఇంకా వాడకండి.

ఏడో అడుగు: తీవ్రత, హోదా

తీవ్రత సంగతి త్వరగా తేలిపోతుంది. ‘యాంగ్రీ’ కన్నా ‘ఫ్యూరియస్’ ఎక్కువ కోపం, ‘టైర్డ్’ కన్నా ‘ఎగ్జాస్టెడ్’ ఎక్కువ అలసట. ఇప్పటికే శిఖరం మీద ఉన్న పదానికి ‘వెరీ’ అంతగా అతకదు. ‘వెరీ టైర్డ్’ బాగుంటుంది, ‘ఎగ్జాస్టెడ్’కు ముందు ‘ఆబ్సల్యూట్లీ’ నప్పుతుంది.

హోదా వెనుక చరిత్ర ఉంది. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక పాలకుల భాషగా ఫ్రెంచి వచ్చింది. పాత ఇంగ్లీషు మాటలు ఇళ్లలో, పొలాల్లో నిలిచాయి. ఆ తర్వాతి శతాబ్దాల్లో పండితులు లాటిన్ నుంచి మరిన్ని పదాలు తెచ్చుకున్నారు. అందుకే ఒకే భావానికి మూడు అంతస్తులు కనిపిస్తాయి. ‘ఆస్క్’ పాత ఇంగ్లీషు మాట, ‘క్వశ్చన్’ ఫ్రెంచి ద్వారా వచ్చింది, ‘ఇంటరాగేట్’ లాటిన్‌ది. స్నేహితుణ్ని ‘ఆస్క్’ చేస్తాం, సాక్షిని ‘క్వశ్చన్’ చేస్తారు, నిందితుణ్ని ‘ఇంటరాగేట్’ చేస్తారు. ‘బిగిన్’, ‘కమెన్స్’ కూడా ఇలాంటివే. రెండోది ప్రకటనల్లో, ఉత్తర్వుల్లో కనిపించే మాట.

తెలుగువారికి ఇది కొత్తేమీ కాదు. దాహం వేస్తే నీళ్లు అడుగుతాం, ‘జలం’ అడగం. అయినా జలాశయం, జలవిద్యుత్తు అంటాం. దేశ్య పదం, సంస్కృత పదం ఎక్కడెక్కడ ఒదుగుతాయో మనకు పుట్టుకతోనే తెలుసు. ఇంగ్లీషు పదాన్నీ అదే చెవితో వినండి. మామూలు మాటల్లో చిన్న పదం వాడడం చిన్నతనం కాదు, చాలాసార్లు అదే మంచి ఇంగ్లీషు.

ఎనిమిదో అడుగు: తోడు వచ్చే పదాలు

ఎండ కాస్తుంది, గాలి వీస్తుంది, వాన కురుస్తుంది. వీటిని మార్చి వాడితే అర్థమవుతుంది కానీ చెవికి గుచ్చుకుంటుంది. ఇంగ్లీషులో గట్టి వాన ‘హెవీ’, గట్టి గాలి ‘స్ట్రాంగ్’. పొరపాటును ‘మేక్’ చేస్తారు, నేరాన్ని ‘కమిట్’ చేస్తారు, హోంవర్కును ‘డు’ చేస్తారు, ఫొటోను ‘టేక్’ చేస్తారు. ఎందుకని అడిగితే చాలావాటికి కారణం ఉండదు, వాడుకే కారణం. పదాన్ని దాని సహవాసాన్ని బట్టి తెలుసుకోవాలని భాషాశాస్త్రవేత్త జె.ఆర్. ఫర్త్ 1957లో చెప్పింది ఇందుకే.

ఆ సహవాసాన్ని చూడడానికి ఇప్పుడు మంచి సౌకర్యం ఉంది. బ్రిటిష్ నేషనల్ కార్పస్ అనే భాషా నమూనాల భాండారంలో 20వ శతాబ్దం చివరినాటి రాతలు, మాటలు కలిపి సుమారు 10 కోట్ల పదాలున్నాయి. ఆన్‌లైన్‌లో వెతకవచ్చు. తేడా తెలియని రెండు పదాలను విడివిడిగా వెతికి, ఒక్కొక్కదానికి ఇరవై వాక్యాలు చదవండి. మూడోవంతు చదివేసరికే ఏ పదం పక్కన ఎవరు చేరుతున్నారో తెలిసిపోతుంది.

పర్యాయపదకోశాన్ని మాత్రం జాగ్రత్తగా వాడండి. పీటర్ మార్క్ రోజెట్ అనే వైద్యుడు 1852లో ప్రచురించిన ప్రసిద్ధ కోశం పదాలను భావాల వారీగా గుదిగుచ్చింది. వాటి మధ్య తేడాలు చెప్పడం దాని లక్ష్యం కాదు. మరచిపోయిన పదాన్ని గుర్తుతెచ్చుకోవడానికి అలాంటి కోశం గొప్ప సాయం. తెలియని పదాన్ని అందులోంచి ఏరి నేరుగా వాక్యంలో పెట్టడం ప్రమాదం.

తొమ్మిదో అడుగు: ఒకే వేరు నుంచి పుట్టిన జంటలు

వీటికి పెద్ద వివరణ అక్కర్లేదు, ఒకసారి రాసుకుంటే చాలు. చరిత్రలో నిలిచిపోయేది ‘హిస్టారిక్’, చరిత్రకు సంబంధించినది ‘హిస్టారికల్’. ఆర్థిక వ్యవస్థకు చెందినది ‘ఎకనామిక్’, ఖర్చు తగ్గించేది ‘ఎకనామికల్’. వివేకం ఉంటే ‘సెన్సిబుల్’, త్వరగా నొచ్చుకుంటే ‘సెన్సిటివ్’. అనుకున్న ఫలితం వస్తే ‘ఎఫెక్టివ్’, శ్రమా సమయమూ వృథా కాకుండా వస్తే ‘ఎఫిషియెంట్’.

ఎక్కడ ఆగాలి?

ప్రతి జంటలోనూ లోతైన తేడా ఉంటుందని వెతకడం అనవసరం. ‘బిగిన్’, ‘స్టార్ట్’ చాలా వాక్యాల్లో ఒకదాని స్థానంలో ఒకటి ఒదుగుతాయి. యంత్రాన్ని నడిపించే చోట మాత్రం ‘స్టార్ట్’ ఒక్కటే పనికొస్తుంది. ‘హార్డ్’, ‘డిఫికల్ట్’ కూడా కష్టమైన ప్రశ్న విషయంలో దాదాపు ఒకటే. మరికొన్నిచోట్ల తేడా దేశాన్ని బట్టి ఉంటుంది: ‘ప్యాంట్స్’ అమెరికాలో పైకి వేసుకునేది, బ్రిటన్‌లో మామూలుగా లోపల వేసుకునేది. పదాలను మార్చి పెట్టినా వాక్యం అర్థం, మర్యాద, వ్యాకరణం మూడూ చెదరకపోతే ఆ జంటను వదిలి ముందుకు వెళ్లండి.

ఒక మాటతో మొత్తం సాధన

‘గాయం’ తీసుకోండి. కాగితం మధ్యలో రాసి చుట్టూ ‘హర్ట్’, ‘ఇంజూర్’, ‘వూండ్’ అని రాయండి. తర్వాత తెలుగు వాక్యాలు: బస్సు బోల్తా పడి పదిమంది గాయపడ్డారు. యుద్ధంలో సైనికుడు గాయపడ్డాడు. ఆమె మాటలకు నా మనసు గాయపడింది.

గాయం ఎలా తగిలిందో అడగండి. మొదటిది ప్రమాదం, అక్కడ ‘ఇంజూర్’. రెండోది ఆయుధంతో, ఒకరు కావాలని చేసింది, అక్కడ ‘వూండ్’. మూడోదానికి మామూలు మాట ‘హర్ట్’. అది చిన్న దెబ్బకూ, మనసు నొప్పికీ సరిపోతుంది. ఇక వాటిని మార్చి చూడండి. బస్సు ప్రమాదంలో ‘వూండ్’ పెడితే, ఎవరో దాడి చేశారన్న అనుమానం చదువరికి కలుగుతుంది. వార్త రాసేవారికి ఈ ఒక్క పదం ఎంత ముఖ్యమో ఊహించండి. చివరగా అభ్యాసక నిఘంటువు తెరిచి మీ నిర్ణయాన్ని సరిచూసుకోండి. ‘వూండ్’ నామవాచకంగా చర్మం తెగిన గాయానికీ వాడతారని అక్కడ తెలుస్తుంది, దాన్నీ చేర్చండి.

నోటుపుస్తకంలో పదానికి ఎదురుగా అర్థం రాయవద్దు. పదాన్ని మార్చగానే చెడిపోయే వాక్యం ఒకటి రాయండి. తర్వాతి సాధనకు ‘ప్రయాణం’ పెట్టుకోండి: ‘జర్నీ’, ‘ట్రిప్’, ‘ట్రావెల్’, ‘వాయేజ్’. వెళ్లే దారి మీద దృష్టి ఉన్నది ఏది, వెళ్లి తిరిగి రావడం ఇమిడి ఉన్నది ఏది, సముద్రానికో అంతరిక్షానికో చెందినది ఏది, ముందు ‘ఎ’ పెట్టి ఒకటి అని లెక్కించడానికి వీలు కానిది ఏది? నేను రాసిన వరుసలో జవాబులు జర్నీ, ట్రిప్, వాయేజ్, ట్రావెల్. ఒక్కొక్కదానికి వాక్యం మీరే రాయండి.